వానల చరిత్ర సముద్రం అడుగున ఉంది, చదివేవాళ్లు కావాలి

2006లో ‘జాయిడెస్ రిజల్యూషన్’ అనే డ్రిల్లింగ్ నౌక కృష్ణా–గోదావరి బేసిన్‌కు వచ్చింది. సముద్రం అడుగున గడ్డకట్టి ఉండే గ్యాస్ హైడ్రేట్ నిల్వలను వెతకడానికి వచ్చిన నౌక అది. గోదావరి సముద్రంలో కలిసే చోటికి ఎదురుగా, 1,200 మీటర్లకు పైగా లోతు నుంచి అది తీసిన ఒక మట్టి కోర్ (గొట్టంతో నిలువుగా తీసిన మట్టి దిమ్మ) మాత్రం ఆ తర్వాత వేరే పనికి అక్కరకొచ్చింది. గోదావరి వేల ఏళ్లుగా మోసుకొచ్చిన ఆకుల మైనం ఆ బురదలో మిగిలి ఉంది. నీటి ఎద్దడిని తట్టుకునే గడ్డిజాతుల మైనంలో కార్బన్ ఐసోటోపుల నిష్పత్తి ఒక రకంగా ఉంటుంది, అడవి చెట్ల మైనంలో ఇంకో రకంగా ఉంటుంది. పొర పొరకూ ఆ నిష్పత్తిని కొలిచి, సుమారు 4,000 ఏళ్ల కిందటి నుంచి 1,700 ఏళ్ల కిందటి దాకా గోదావరి పరీవాహక ప్రాంతం మెల్లమెల్లగా మెట్టబారిందని శాస్త్రవేత్తలు 2012లో ప్రకటించారు. 2017లో వచ్చిన మరో పరిశోధన ఇంకో మాట చేర్చింది. వాతావరణం పొడిబారినా దక్కన్ నుంచి కొట్టుకొచ్చే మట్టి మాత్రం పెరిగింది. నేలమీద పచ్చదనం పలచబడటం, సాగు విస్తరించడం అందుకు కారణాలని ఆ పరిశోధన తేల్చింది.

మన ఊళ్ల వానల కథ మన తీరంలోనే పేరుకుని ఉంది. దాన్ని చదివే శాస్త్రం పేలియోఓషనోగ్రఫీ. జియాలజీ, కెమిస్ట్రీ చదువుతున్న మన పిల్లల్లో చాలామంది ఈ దారి ఉందనే తెలియకుండా డిగ్రీ ముగిస్తున్నారు.

ఈ శాస్త్రం అవసరమేమిటంటే, భారత వాతావరణ శాఖ మొదలైంది 1875లో. దేశమంతటా వానలను కొలిచి రాసుకున్న లెక్కలు మనకు సుమారు 150 ఏళ్లవే ఉన్నాయి. గాలిలో కార్బన్ డయాక్సైడ్ పెరిగితే రుతుపవనాలు ఏమవుతాయో చెప్పే కంప్యూటర్ నమూనాలను పరీక్షించడానికి అవి చాలవు. భూమి ఇంతకుముందు వేడెక్కిన కాలాల్లో, చల్లబడిన కాలాల్లో వాన ఎలా పడిందో తెలియాలి. 2014–15లో ఇదే నౌక ఇంటర్నేషనల్ ఓషన్ డిస్కవరీ ప్రోగ్రామ్ 353వ యాత్రలో మహానది తీరానికి ఎదురుగా కోర్లు తీసింది. వాటిలో ఒకదాని ఆధారంగా గత 9 లక్షల ఏళ్ల వానల తీరును 2021లో ప్రచురించారు. 2025లో వచ్చిన మరో పరిశోధన మత్స్యకారులకు నేరుగా సంబంధించింది. రుతుపవనాలు మరీ బలహీనపడినప్పుడే కాదు, మరీ ఉద్ధృతమైనప్పుడు కూడా బంగాళాఖాతం పైనీటికి అడుగు నుంచి పోషకాలు అందక ప్లాంక్టన్ (నీటిలో తేలే సూక్ష్మజీవులు) బాగా తగ్గిపోయిందని అది చూపింది. ప్లాంక్టన్ తగ్గితే చేప తగ్గుతుంది.

పని ఎలా ఉంటుంది?

బయటివాళ్లకు నౌక, సముద్రం గుర్తొస్తాయి. నిజానికి నౌక మీద గడిపేది ఏ కొన్ని వారాలో. మిగతా కాలమంతా ల్యాబే. కోర్‌ను నిలువునా రెండుగా చీల్చి ఒక సగాన్ని ముట్టుకోకుండా భద్రపరుస్తారు. రెండో సగంలోంచి సెంటీమీటరు, రెండు సెంటీమీటర్ల మందాన ముక్కలు తీస్తారు. ఒక్కో ముక్కనూ 63 మైక్రాన్ల జల్లెడలో కడిగితే బంకమట్టి పోయి సన్నని తెల్లటి పొడి మిగులుతుంది. ఆరబెట్టి మైక్రోస్కోప్ కింద పెడితే అది పొడి కాదు, గుల్లల కుప్ప. ఫోరామినిఫెరా అనే ఏకకణ జీవుల సున్నపు గుల్లలు అవి. గసగసాల గింజ కంటే చిన్నవి కూడా ఉంటాయి. తడిపిన సన్నని బ్రష్ మొనతో, కావలసిన జాతిని మాత్రం ఒక్కొక్కటిగా ఏరాలి. ల్యాబులో దీన్ని ‘పికింగ్’ అంటారు. గ్లోబిజెరినాయిడెస్ రూబర్ పైనీటిలో బతుకుతుంది కాబట్టి వాన, నది నీటి ప్రభావం దాని గుల్లలో కనిపిస్తుంది. గ్లోబిజెరినా బులాయిడెస్ ఒమన్ తీరంలో గాలులు బలంగా వీచి అడుగునీరు పైకి ఉబికే కాలంలో విరివిగా పెరుగుతుంది. అరేబియా సముద్రపు కోర్లలో దాని వాటాను బట్టి నైరుతి గాలుల బలాన్ని అంచనా వేస్తారు.

ఏరిన గుల్లలను శుభ్రం చేసి మాస్ స్పెక్ట్రోమీటర్‌కు ఇస్తే ఆక్సిజన్–18, ఆక్సిజన్–16 నిష్పత్తి వస్తుంది. అసలు చిక్కు ఇక్కడే. నీరు చల్లబడినా ఈ నిష్పత్తి పెరుగుతుంది, నీరు ఉప్పగా మారినా పెరుగుతుంది. ఏది ఎంతో తేల్చాలి. అందుకని అదే జాతి గుల్లల్లో మెగ్నీషియం, కాల్షియం నిష్పత్తిని విడిగా కొలుస్తారు. ఒక్క డిగ్రీ వేడి పెరిగితే అది సుమారు 9 శాతం పెరుగుతుంది. అలా తేలిన ఉష్ణోగ్రత వాటాను ఆక్సిజన్ లెక్కలోంచి తీసేస్తారు. 20,000 ఏళ్ల కిందట చాలా నీరు మంచుగడ్డల్లో ఉండిపోయి సముద్రమట్టం సుమారు 120 మీటర్లు దిగింది కదా, ఆ ప్రభావాన్నీ తీసేస్తారు. అప్పుడు మిగిలేది నీటి ఉప్పదనానికి ఆనవాలు. నదుల వరద పెరిగితే బంగాళాఖాతం పైనీటిలో ఉప్పదనం తగ్గుతుంది. గుల్ల నుంచి వాన దాకా వెళ్లే దారి ఇదే. ఈ తీసివేతల్లో ఎక్కడ ఎంత పొరపాటుకు ఆస్కారముందో చెప్పగలిగినవాడే మంచి పరిశోధకుడని నా నమ్మకం. కాబట్టి గణాంకశాస్త్రాన్ని చులకనగా చూడొద్దు. ప్రోగ్రామింగ్ భాషలు పైథాన్, ఆర్‌లలో ఒకటి చేతికి వచ్చి ఉండాలి.

చదువు దారి

ఇంటర్‌లో ఎంపీసీ అయినా బైపీసీ అయినా సరే. డిగ్రీలో జియాలజీ ఉంటే దారి సూటిగా ఉంటుంది. కెమిస్ట్రీ విద్యార్థులకు కూడా ఇక్కడ చోటుంది, జియోకెమిస్ట్రీ ల్యాబులకు వాళ్ల పనితనం కావాలి. పీజీకి ఐఐటీలైతే జామ్ పరీక్ష రాయాలి. కొచ్చిలోని కుసాట్ విశ్వవిద్యాలయంలో మెరైన్ జియాలజీ, గోవా విశ్వవిద్యాలయంలో మెరైన్ సైన్సెస్ ఉన్నాయి. మన దగ్గర ఆంధ్ర, ఉస్మానియా, శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయాల్లో జియాలజీ శాఖలున్నాయి. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో భూమి, సముద్ర, వాతావరణ శాస్త్రాల కేంద్రం, తిరుపతి ఐసర్‌లో ఎర్త్ అండ్ క్లైమేట్ సైన్స్ విభాగం ఉన్నాయి. సముద్ర శాస్త్రం మనకు కొత్తదేమీ కాదు. 1950ల తొలినాళ్లలోనే అమెరికా శాస్త్రవేత్త యూజీన్ లాఫాండ్ వాల్తేరు (విశాఖ) వచ్చి ఆంధ్ర విశ్వవిద్యాలయం వాళ్లతో కలిసి తూర్పు తీరాన్ని సర్వే చేశారు. తీరానికి ఎదురుగా సముద్రంలో ఉన్న లోయల్లో ఒకటి ఆ విశ్వవిద్యాలయపు జియాలజీ ఆచార్యుడు సి. మహదేవన్ పేరు మీదే ఉంది.

పీహెచ్‌డీకి సీఎస్‌ఐఆర్–యూజీసీ నెట్‌లో ‘ఎర్త్, అట్మాస్ఫియరిక్, ఓషన్ అండ్ ప్లానెటరీ సైన్సెస్’ పేపర్ రాయాలి. జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ (జేఆర్‌ఎఫ్) వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000, ఆ తర్వాత 42,000 రూపాయలు, ఇంటద్దె భత్యం అదనం. ఇక ఎక్కడ చేరాలంటే, గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ (ఎన్‌ఐఓ) మొదటి పేరు. దాని ప్రాంతీయ కేంద్రం విశాఖ లాసన్స్ బే కాలనీలో ఉంది. గోవాలోనే జాతీయ ధ్రువ, సముద్ర పరిశోధన కేంద్రం, అహ్మదాబాద్‌లో ఫిజికల్ రీసెర్చ్ లేబొరేటరీ, లక్నోలో బీర్బల్ సాహ్ని సంస్థ ఉన్నాయి. సంస్థ పేరు చూసి కాదు, గైడ్‌ను చూసి చేరండి. ఆయన దగ్గర కోర్లున్నాయా, మాస్ స్పెక్ట్రోమీటర్‌లో విద్యార్థులకు ఎన్నాళ్లకు వంతు వస్తుంది, రేడియోకార్బన్ తేదీలకు డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది అని అక్కడి సీనియర్లను మొహమాటం లేకుండా అడగండి. తేదీలు లేని కోర్ మీద ఐదేళ్లు గడిపితే థీసిస్ నిలబడదు.

ఉద్యోగాల మాట దాపరికం లేకుండా చెప్పుకోవాలి. పరిశోధన సంస్థల్లో శాశ్వత పోస్టులు తక్కువ. పీహెచ్‌డీ తర్వాత కొన్నేళ్లు పోస్ట్‌డాక్ తప్పదు. జర్మనీలోని బ్రెమెన్, కీల్, అమెరికాలోని లామాంట్, వుడ్స్ హోల్ ఈ రంగంలో పేరున్న చోట్లు. ఇంటి పరిస్థితుల వల్ల అంతకాలం ఆగలేనివాళ్లు పీజీలో ఉండగానే యూపీఎస్సీ కంబైన్డ్ జియో–సైంటిస్ట్ పరీక్షకు సిద్ధం కావడం మంచిది. జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాలో జియాలజిస్ట్ పోస్టుకు మూలవేతనం 56,100 రూపాయలతో మొదలవుతుంది. ఆ సంస్థకు సముద్ర సర్వే విభాగం, ‘సముద్ర రత్నాకర్’ అనే సొంత పరిశోధన నౌక ఉన్నాయి. గుల్లలను గుర్తుపట్టే నేర్పు చమురు రంగంలోనూ పనికొస్తుంది, బావిలో ఏ లోతున ఏ కాలపు పొర ఉందో చెప్పేది ఈ గుల్లలే. ఓఎన్‌జీసీ జియాలజిస్టులను తీసుకుంటుంది.

2024తో జాయిడెస్ రిజల్యూషన్ యాత్రలు ఆగిపోయాయి. ఇక కొత్త కోర్లు ఎక్కడివని కంగారు పడొద్దు. ఇంటర్నేషనల్ ఓషన్ డిస్కవరీ ప్రోగ్రామ్ యాత్రల్లో హిందూ మహాసముద్రం నుంచి ఆ నౌక తీసిన కోర్లు జపాన్‌లోని కోచి కోర్ సెంటర్‌లో భద్రంగా ఉన్నాయి (కేరళ కొచ్చి కాదు). పరిశోధకులు ప్రతిపాదన పంపి వాటి నుంచి నమూనాలు తెప్పించుకోవచ్చు. ఇప్పటికే కొలిచిన అంకెలైతే ‘పాంగేయా’, అమెరికా ‘నోవా’ సంస్థ పేలియోక్లైమేట్ భాండాగారాల్లో ఉచితంగా దొరుకుతాయి.

డిగ్రీ ఆఖరి ఏడాదిలో ఉన్నవాళ్లు ఈ సెలవుల్లోనే మొదలుపెట్టొచ్చు. బంగాళాఖాతపు కోర్ ఒకదాని ఆక్సిజన్ ఐసోటోప్ అంకెలు దించుకుని, కాలాన్ని బట్టి గ్రాఫ్ గీయండి. అందులో 20,000 ఏళ్ల దగ్గర, 9,000 ఏళ్ల దగ్గర గీత ఎటు వంగిందో, ఎందుకు వంగి ఉంటుందో ఒక పేజీలో మీ మాటల్లో రాయండి. సైన్స్ అకాడమీల వేసవి ఫెలోషిప్‌కు దరఖాస్తు చేసేటప్పుడు గానీ, ఎన్‌ఐఓ శాస్త్రవేత్తకు ఇంటర్న్‌షిప్ కోసం మెయిల్ పెట్టేటప్పుడు గానీ ఆ పేజీని, ఆ గ్రాఫ్‌ను జతచేయండి. మార్కుల జాబితా ఒక్కటే పంపినవాళ్ల కంటే మీ మెయిల్‌కు జవాబు వచ్చే అవకాశం ఎక్కువ.