సర్వీసు పలకనప్పుడు: చేయవలసినవి - చేయకూడనివి

సర్వరుకు ఎస్‌ఎస్‌హెచ్ కొడితే లోపలికి రానివ్వడం లేదు. అడ్మిన్ చెయ్యి అలవాటుగా ఫైర్‌వాల్ మీదికి పోతుంది. అక్కడికి వెళ్లే ముందు చూడాల్సినవి చాలా ఉన్నాయి.

చేయవలసినవి

తెర మీద వచ్చిన మాటను సరిగ్గా చదవండి. వెంటనే "కనెక్షన్ రిఫ్యూజ్డ్" అని వస్తే మిషను బతికే ఉంది, 22వ పోర్టులో వినే ప్రోగ్రాము లేదనే ఎక్కువగా అనుకోవాలి. చాలాసేపు నాన్చి "టైమ్డ్ అవుట్" అంటే దారిలో ఫైర్‌వాల్ ప్యాకెట్లను మింగేస్తూ ఉండవచ్చు, లేదా మిషనే పడిపోయి ఉండవచ్చు.

కన్సోల్ నుంచి లాగిన్ అయి, రూట్‌గా 'ఎస్‌ఎస్ మైనస్ టీఎల్‌ఎన్‌పీ' కమాండు నడపండి. పాత యూనిక్సుల్లో అయితే నెట్‌స్టాట్. ఏ పోర్టులో ఏది వింటోందో కనబడుతుంది. పోర్టు పక్కన 127.0.0.1 అని మాత్రమే ఉంటే సర్వీసు నడుస్తోంది గానీ బయటివాళ్ల మాట దానికి వినబడదు. 22 జాబితాలోనే లేకపోతే అసలు ఇన్‌స్టాల్ అయిందో లేదో చూడండి. ఉబుంటు డెస్క్‌టాప్‌లో మామూలుగా ఎస్‌ఎస్‌హెచ్ క్లయింటు ఉంటుంది, సర్వరు ఉండదు. లేనిదాన్ని స్టార్ట్ చేయాలని గంటలు పోగొట్టుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. యూనిట్ పేరు కూడా చూసుకోండి: డెబియన్, ఉబుంటుల్లో 'ఎస్‌ఎస్‌హెచ్', రెడ్‌హ్యాట్ కుటుంబంలో చివర 'డీ' ఉంటుంది.

సిస్టమ్‌డీలో 'స్టార్ట్' ఈ పూటకే. రీబూట్ తర్వాత కూడా లేవాలంటే 'ఎనేబుల్' కూడా చేయాలి.

కాన్ఫిగ్ ఫైలు ముట్టుకుంటే, రీస్టార్ట్‌కు ముందు ఎస్‌ఎస్‌హెచ్‌డీని 'మైనస్ టీ'తో నడపండి. అక్షరదోషం ఉంటే అక్కడే బయటపడుతుంది. ఉన్న లాగిన్‌ను మూయకుండా ఇంకో విండోలో కొత్తగా లాగిన్ అయి చూడండి. ఊళ్లో లేని సర్వరుకు ఈ ఒక్క జాగ్రత్త వంద కాన్ఫిగ్ చిట్కాల పెట్టు.

చేయకూడనివి

'ఈటీసీ' డైరెక్టరీలోని 'సర్వీసెస్' ఫైలులో ఒక లైను చేర్చి, సర్వీసు లేచిందనుకోవద్దు. అది పేర్లకూ పోర్టు నంబర్లకూ ఉన్న పట్టిక, అంతే. ఇనెట్‌డీ ఉన్న మిషన్లలో అసలు మీట 'ఇనెట్‌డీ డాట్ కాన్ఫ్'లో ఉంటుంది. కావలసిన లైను ముందున్న హ్యాష్ తీసి, ఇనెట్‌డీకి హప్ సిగ్నల్ పంపితే చాలు. 'కిల్ మైనస్ 9' కొట్టకండి. దాని చేతి కింద ఉన్న సర్వీసులన్నీ పలకడం మానేస్తాయి.

ఆ ఫైలు తెరిచాం కదా అని పక్కనున్న ఫింగర్, టెల్నెట్ లైన్ల హ్యాష్‌లు కూడా తీసేయొద్దు. 1988 నవంబరులో ఇంటర్నెట్ మీద పాకిన మోరిస్ వర్మ్ మిషన్లలోకి దూరిన దారుల్లో ఫింగర్ ఒకటి. ఎవరు లాగిన్ అయి ఉన్నారో చెప్పడానికి పెట్టిన చిన్న సర్వీసు అది! టెల్నెట్ పాస్‌వర్డును ఉన్నదున్నట్టు వైరు మీద పంపుతుంది. ఫిన్లాండ్‌లో టాటు ఉలోనెన్ 1995లో ఎస్‌ఎస్‌హెచ్ రాసింది యూనివర్సిటీ నెట్‌వర్కులో ఎవరో పాస్‌వర్డులు దొంగచాటుగా పట్టేసిన తర్వాతే. 2007లో సొలారిస్ 10 టెల్నెట్‌లో బయటపడ్డ లోపానికైతే పాస్‌వర్డు కూడా అక్కర్లేకపోయింది. యూజర్ పేరు ముందు 'మైనస్ ఎఫ్' తగిలిస్తే లాగిన్ అయిపోయేది. "ల్యాబ్ మిషనే కదా" అనే మాటను నేనైతే నమ్మను. ల్యాబ్ మిషన్లకు పబ్లిక్ ఐపీలు వచ్చేస్తుంటాయి.

పరీక్ష కోసమని ఫైర్‌వాల్ మొత్తం ఆపకండి. ఒక్క పోర్టు, వీలైతే ఒక్క ఐపీ నుంచి మాత్రమే తెరవండి. రెడ్‌హ్యాట్‌లో పోర్టు 2222కు మార్చాక ఎస్‌ఎస్‌హెచ్‌డీ లేవకపోతే చాలాసార్లు అడ్డుపడేది ఎస్‌ఈలినక్స్. దాన్ని పర్మిసివ్‌లో పడేయకుండా, 'సెమేనేజ్'తో ఆ కొత్త పోర్టును ఎస్‌ఎస్‌హెచ్ ఖాతాలో చేర్చండి.

సిస్టమ్‌డీ స్టేటస్‌లో 'మాస్క్‌డ్' అని కనబడితే ఎవరో కావాలనే కట్టేసి ఉంటారు. ఆ మనిషిని కనుక్కుని అడిగేదాకా 'అన్‌మాస్క్' కొట్టకండి.