రూమ్‌లో గేమింగ్ టీవీ: కొనే ముందు వేసుకోవాల్సిన లెక్కలు

సాగర్ రోడ్డు మీద మంగళ్‌పల్లి దాటి ఇబ్రహీంపట్నం వైపు వస్తుంటే ఎన్ని కాలేజీలో, వాటి చుట్టూ అన్ని హాస్టళ్లు, అద్దె రూములు. సెమిస్టర్ పరీక్షలు అయిపోగానే చాలా రూముల్లో మొదలయ్యే చర్చ ఒకటే: "అందరం తలా కొంచెం వేసుకుని ఒక టీవీ కొందామా?" ల్యాప్‌టాప్ తెర చిన్నది, నలుగురు కలిసి ఆడటానికి సరిపోదు. ఎవరో ఒకరి దగ్గర సెకండ్ హ్యాండ్ పీఎస్4 ఉంటుంది. బడ్జెట్ మాత్రం పదిహేను వేల దగ్గర ఆగిపోతుంది.

పదిహేను వేలంటే మనకు చిన్న మొత్తం కాదు. ఇంటి నుంచి వచ్చే డబ్బులో, మెస్ బిల్లులో, పార్ట్‌టైమ్ సంపాదనలో మిగుల్చుకున్నది. షోరూంలో మెరిసే బొమ్మ చూసి, డబ్బా మీద పెద్ద అక్షరాలు చూసి కొనేస్తే అది నాలుగేళ్లు కళ్ల ముందే ఉంటుంది. మనం ఇంజనీరింగ్ చదువుతున్నాం కదా, ఆ చదువును కాస్త ఇక్కడ కూడా వాడదాం. పెద్ద లెక్కలేం లేవు, భాగహారం వస్తే చాలు.

మొదటి లెక్క: ఎంత దూరం నుంచి చూస్తాం?

పాత డబ్బా టీవీలో మన దేశ ప్రమాణం 625 గీతలు, అందులో బొమ్మగా కనిపించేవి 576. ఇప్పుడు మనం వినే పేర్లు మూడు. హెచ్‌డీ రెడీ అంటే మామూలుగా 1366 × 768 చుక్కలు. ఫుల్ హెచ్‌డీ అంటే 1920 × 1080. 4కె అంటే 3840 × 2160. చుక్కలు ఎక్కువుంటే మంచిదే, కానీ ఆ చుక్కలు మన కంటికి విడివిడిగా తెలిస్తేనే ఆ డబ్బుకు ఫలితం.

చూపు బాగున్న కన్ను సుమారు ఒక డిగ్రీలో అరవయ్యో వంతు కోణం వరకు వేరు చేయగలదు. రేడియన్లలో 0.00029. అంటే ఒక చుక్క వెడల్పును 0.00029తో భాగిస్తే, ఎంత దూరం దాటాక ఆ చుక్క కంటికి విడిగా ఆనదో తెలుస్తుంది.

32 అంగుళాల టీవీ అంటే మూల నుంచి మూలకు 32. తెర వెడల్పు సుమారు 71 సెంటీమీటర్లే. దాన్ని 1366తో భాగిస్తే ఒక్కో చుక్క 0.52 మిల్లీమీటర్లు. అలా లెక్కిస్తే:

- 32 అంగుళాల హెచ్‌డీ రెడీ: సుమారు 5.8 అడుగులు
- 32 అంగుళాల ఫుల్ హెచ్‌డీ: సుమారు 4.2 అడుగులు
- 43 అంగుళాల ఫుల్ హెచ్‌డీ: సుమారు 5.6 అడుగులు
- 43 అంగుళాల 4కె: సుమారు 2.8 అడుగులు

ఇప్పుడు మన రూము పది అడుగులకు పది అడుగులు అనుకుందాం. ఒక గోడకు మంచం, ఎదురు గోడకు టేబుల్. మంచం మీద గోడకు ఆనుకుని కూర్చుంటే కంటికీ తెరకీ మధ్య సుమారు ఏడు అడుగులు. ఆ దూరంలో 32 అంగుళాల హెచ్‌డీ రెడీకి, ఫుల్ హెచ్‌డీకి తేడా పట్టుకోవడం కష్టం. అదే కుర్చీ వేసుకుని నాలుగడుగుల్లో కూర్చుని ఆడేవాళ్లకైతే తేడా స్పష్టంగా తెలుస్తుంది. కాబట్టి ముందు టేపు తీసుకుని కొలవండి, తర్వాతే ధరలు చూడండి.

ఇంకో చిన్న విషయం. పీఎస్4 లాంటివి 1080 గీతల బొమ్మ పంపిస్తే, హెచ్‌డీ రెడీ తెర దాన్ని 768 గీతల్లోకి కుదించాలి. 1080ని 768తో భాగిస్తే 1.4 చిల్లర వస్తుంది, పూర్ణసంఖ్య రాదు. అందుకే దగ్గర్నుంచి చూస్తే గేమ్‌లోని చిన్న అక్షరాలు కాస్త అలుక్కుపోయినట్టు ఉంటాయి. అదే టీవీని ల్యాప్‌టాప్‌కి కలిపి కోడింగ్ కూడా చేద్దామనుకుంటే హెచ్‌డీ రెడీ జోలికి పోవద్దు.

రెండో లెక్క: బటన్ నొక్కాక ఎంతసేపటికి?

గేమింగ్‌కి అసలు ప్రాణం ఇదే, కానీ డబ్బా మీద ఎక్కడా కనిపించనిదీ ఇదే. టీవీకి సిగ్నల్ అందాక అది రంగులు దిద్దుతుంది, మరకలు తుడుస్తుంది, కదలికను నున్నగా చేస్తుంది, ఆ తర్వాతే తెర మీద చూపిస్తుంది. ఈ జాప్యాన్నే ఇన్‌పుట్ ల్యాగ్ అంటారు. సినిమాకైతే మాటా బొమ్మా కలిసే ఆలస్యమవుతాయి, మనకు తెలియదు. ఆటలో అలా కాదు, మధ్యలో మన వేలు ఉంది.

క్రికెట్‌తో లెక్క కడదాం. బౌలర్ గంటకు 140 కిలోమీటర్ల వేగంతో వేశాడు. అంటే సెకనుకు 38.9 మీటర్లు. టీవీ జాప్యం 100 మిల్లీసెకన్లు ఉంటే, మీరు చూస్తున్న బంతి అసలు బంతికి దాదాపు 3.9 మీటర్లు వెనక ఉన్నట్టు. క్రీజు నుంచి క్రీజుకు ఉండేదే 17.7 మీటర్లు! జాప్యం 15 మిల్లీసెకన్లకు తగ్గితే ఆ తేడా 60 సెంటీమీటర్లే. "టైమింగ్ కుదరట్లేదు రా" అని జాయ్‌స్టిక్‌ని తిట్టేవాళ్లు ఒకసారి టీవీ సెట్టింగ్స్ వైపు చూడాలి.

చాలా టీవీల్లో గేమ్ మోడ్ అని ఉంటుంది. అది పెట్టగానే ఈ దిద్దుబాట్లలో చాలావరకు ఆగిపోతాయి. మామూలు మోడ్‌లో జాప్యం 50 నుంచి 100 మిల్లీసెకన్ల దాకా, ఒక్కోసారి అంతకు మించి కూడా ఉంటుంది. మంచి గేమ్ మోడ్‌లో 20కి లోపే. చవక టీవీల్లో కొన్నింట గేమ్ మోడ్ అనేది రంగులు మార్చే పేరు మాత్రమే, జాప్యం తగ్గదు. మరి ఎలా తెలుసుకోవాలి?

పద్ధతి తేలిక. ల్యాప్‌టాప్‌ని హెచ్‌డీఎంఐ కేబుల్‌తో టీవీకి కలపండి. డిస్‌ప్లే డూప్లికేట్‌లో పెట్టి, మిల్లీసెకన్లు చూపించే స్టాప్‌వాచ్ ఒకటి నడపండి. రెండు తెరలూ ఒకే ఫ్రేములో పడేలా ఫోన్‌తో పది ఫొటోలు తీయండి. ల్యాప్‌టాప్ మీది సమయంలోంచి టీవీ మీది సమయం తీసేసి, పదింటికీ సగటు కట్టండి. ల్యాప్‌టాప్ తెర కంటే టీవీ ఎంత వెనకబడిందో అదే. తెర సెకనుకు 60 సార్లే మారుతుంది, అంటే ఒక్కో ఫ్రేము 16.7 మిల్లీసెకన్లు. అందుకే ఒక్క ఫొటోని నమ్మకూడదు, సగటు కావాలి. షోరూంలో ల్యాప్‌టాప్ పెట్టి చూస్తానంటే కొందరు ఒప్పుకుంటారు, కొందరు ఒప్పుకోరు. ఆన్‌లైన్‌లో కొంటే రిటర్న్ గడువు లోపే ఈ పని ముగించండి.

విచిత్రమేంటంటే, మన అన్నలు పల్లెల్లో క్యాసెట్లు పెట్టి మారియో, కాంట్రా ఆడిన డబ్బా టీవీలో ఈ జాప్యం దాదాపు లేదు. సిగ్నల్ వచ్చింది వచ్చినట్టే గీతలుగా తెర మీద పడేది, మధ్యలో దాచిపెట్టి దిద్దే పనే లేదు.

డబ్బా మీది మాటలకు అర్థాలు

"4కె హెచ్‌డీఆర్ సపోర్ట్" అని 32 అంగుళాల టీవీ మీద కనిపిస్తే, ఆ సిగ్నల్‌ని తీసుకోగలదని అర్థం కావచ్చు. తెరలో అన్ని చుక్కలున్నాయని కాదు. వివరాల్లో "రిజల్యూషన్" అన్న గడిలో ఉన్న అంకెలే నమ్మాలి.

"మోషన్ రేట్ 120" లాంటివి కంపెనీ పెట్టుకున్న పేర్లు. చవక టీవీల్లో అసలు రిఫ్రెష్ రేట్ దాదాపు అన్నింటికీ 60 హెర్ట్జ్. 4కెలో 120 హెర్ట్జ్ రావాలంటే తెరా అలాంటిదై ఉండాలి, పోర్టూ హెచ్‌డీఎంఐ 2.1 అయి ఉండాలి. మన బడ్జెట్‌లో దాని గురించి ఆలోచించడం వృథా. పీఎస్4కి, మామూలు గేమింగ్ ల్యాప్‌టాప్‌కి 60 హెర్ట్జ్ ఫుల్ హెచ్‌డీ చక్కగా సరిపోతుంది.

తెర రకం కూడా అడగండి. వీఏ రకం తెరలో నలుపు చిక్కగా ఉంటుంది, లైటు ఆర్పేసి ఒక్కరే ఎదురుగా కూర్చుని ఆడటానికి బాగుంటుంది. ఐపీఎస్ రకంలో నలుపు కాస్త బూడిదరంగుకు తిరుగుతుంది, కానీ పక్క మంచం మీద నుంచి చూసినా రంగు మారదు. నలుగురున్న రూముకు రెండోదే మేలు.

ధర ఎక్కడ ఎంత?

ఈమధ్య సేల్స్‌లో కనిపిస్తున్న ధరలు సుమారుగా ఇలా ఉన్నాయి. 32 అంగుళాల హెచ్‌డీ రెడీ ఎనిమిది నుంచి పదమూడు వేలు. అదే సైజులో ఫుల్ హెచ్‌డీ పదమూడు నుంచి పద్దెనిమిది. 43 అంగుళాల 4కె ఇరవై నుంచి మొదలు.

పన్ను విషయం తెలిసి ఉండాలి. 2019 జనవరి 1 నుంచి 32 అంగుళాల వరకు టీవీలకు జీఎస్టీ 18 శాతం, అంతకు మించితే 28 శాతం ఉండేది. 2025 సెప్టెంబర్ 22 నుంచి పెద్ద టీవీలకు కూడా 18 శాతమే. పన్ను లేకుండా ఇరవై వేలున్న 43 అంగుళాల టీవీ అప్పుడు 25,600 అయ్యేది, ఇప్పుడు 23,600. పాత సలహాల్లో "32 దాటితే పన్ను ఎక్కువ" అని కనిపిస్తే పట్టించుకోకండి.

"నో కాస్ట్ ఈఎంఐ" దగ్గర కూడా ఒక్క నిమిషం ఆగండి. వడ్డీ మేర డిస్కౌంట్ ఇచ్చినా, ఆ వడ్డీ మీద జీఎస్టీ, ప్రాసెసింగ్ ఫీజు మన మీదే పడతాయి. పైగా ఒకేసారి కడితే వచ్చే తగ్గింపు ఈఎంఐకి వస్తుందో లేదో చూడాలి.

ఒక్కరే ఆడేవాళ్లు టీవీ బదులు 24 అంగుళాల ఫుల్ హెచ్‌డీ మానిటర్ గురించి ఆలోచించొచ్చు. జాప్యం తక్కువ, అక్షరాలు స్పష్టం, చదువుకూ పనికొస్తుంది. స్పీకర్లు, రిమోట్ సాధారణంగా ఉండవు. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి ఒక పూట వెళ్లొస్తే రకాలన్నీ పక్కపక్కనే చూడొచ్చు.

మన తెలుగు నేలకు టీవీ కొత్తేం కాదు. 1967లో హైదరాబాద్‌లో మొదలైన ఈసీఐఎల్ ఒకప్పుడు ఈసీ టీవీల పేరుతో ఇంటింటికీ చేరింది. ఇప్పుడు తిరుపతిలోని డిక్సన్ ఫ్యాక్టరీలో, మన రంగారెడ్డి జిల్లాలోనే రావిర్యాల వైపున్న రేడియంట్ ఫ్యాక్టరీలో టీవీలు తయారవుతున్నాయి. వేరే కంపెనీల పేర్లతో అమ్ముడయ్యే టీవీలు ఇలాంటి చోట్లే తయారవుతాయి. అందుకే పేరు ఒక్కటే చూసి ఎక్కువ డబ్బు పెట్టనక్కర్లేదు. సర్వీస్ సెంటర్ మనకు దగ్గర్లో ఉందా, వారంటీ ఎన్నేళ్లు అన్నవి చూడండి.

రూములో పెట్టాక

అద్దె రూములో గోడకు రంధ్రాలు వేస్తానంటే ఓనర్ ఊరుకోడు. స్టాండు మీద పెట్టాలంటే టీవీ కాళ్ల మధ్య దూరం ముందే చూసుకోండి. చాలా టీవీలకు కాళ్లు రెండు చివర్లా ఉంటాయి, చిన్న స్టడీ టేబుల్ మీద పట్టవు.

రాత్రి ఆడేటప్పుడు పక్కవాడి నిద్ర మీద మన ఆట పడకూడదు. బ్లూటూత్ ఇయర్‌బడ్స్‌లో మాట 100 నుంచి 200 మిల్లీసెకన్లు ఆలస్యంగా రావడం మామూలే, ఇంత కష్టపడి తగ్గించిన జాప్యం మళ్లీ చెవిలో మొదలవుతుంది. పీఎస్4 కంట్రోలర్‌కే ఇయర్‌ఫోన్ జాక్ ఉంది, వైరున్నది వాడండి. బ్రైట్‌నెస్ తగ్గించండి. 32 అంగుళాల టీవీ సుమారు 50 వాట్లు అనుకుంటే రోజుకు నాలుగు గంటలకు 0.2 యూనిట్, నెలకు ఆరు యూనిట్లు. కరెంటు బిల్లు పంచుకునే రూములో ఈ అంకె ముందే చెప్పేస్తే గొడవ ఉండదు.

అన్నిటికంటే ముఖ్యమైన మాట చివర్లో. నలుగురు డబ్బులు వేసుకుని కొన్న టీవీ నాలుగో ఏడాది చివర ఎవరిది? స్నేహితుల మధ్య లెక్కలెందుకులే అని ఎవరూ ముందు అడగరు. రూము ఖాళీ చేసే రోజున అదే మాట మనసులో ముల్లులా మిగులుతుంది. కొన్న రోజే తేల్చుకోండి: ఒకరు మిగతావాళ్ల వాటా తగ్గించి ఇచ్చి తీసుకుపోవాలా, అమ్మి పంచుకోవాలా, జూనియర్లకు ఇవ్వాలా? మధ్యలో ఒకరు రూము మారితే వాళ్ల వాటా ఎంత? ఏడాదికి పాతిక శాతం విలువ తగ్గించుకుంటూ పోదాం అని వాట్సాప్ గ్రూపులో ఒక్క మెసేజ్ పెట్టుకుంటే చాలు. డబ్బా, బిల్లు మాత్రం పారేయకండి. రెండూ ఉంటే అమ్మడానికీ తేలిక, ఊరికి బస్సులో తీసుకెళ్లడానికీ తేలిక.

మొత్తానికి వరస ఇది: దూరం కొలవాలి, రిజల్యూషన్ అంకెలు చూడాలి, గేమ్ మోడ్ జాప్యం పరీక్షించాలి, తెర రకం అడగాలి, టేబుల్ కొలత సరిచూడాలి, వాటాల మాట రాసుకోవాలి. ఐదారడుగులకు మించి దూరంగా కూర్చుని పీఎస్4 మాత్రమే ఆడేవాళ్లకు జాప్యం తక్కువున్న హెచ్‌డీ రెడీ చాలు, మిగిలిన డబ్బు దాచుకోండి. దగ్గర కూర్చునేవాళ్లు, ల్యాప్‌టాప్ కలిపేవాళ్లు ఫుల్ హెచ్‌డీకి వెళ్లండి. స్టాప్‌వాచ్ పరీక్ష చేసినవాళ్లు మీ టీవీ మోడల్, వచ్చిన సగటు క్లబ్‌కి రాసి పంపండి. వచ్చినవన్నీ ఒక పట్టికగా వేస్తే, వచ్చే ఏడాది కొనే జూనియర్లకు అంతకంటే మంచి సలహా ఉండదు.