ఎడారిలో ఎలుకలను ఎలా లెక్కపెడతారు?



లెక్కకు జవాబు ఒక్కటే ఉంటుందని మన పిల్లలకు అలవాటైపోయింది. అంచనా వేసే లెక్క ఒకటి ఈ నెల వాళ్లతో చేయించండి.

అమెరికాలోని అరిజోనా రాష్ట్రంలో పోర్టల్ అనే చిన్న ఊరు ఉంది. దాని దగ్గర సాన్ సైమన్ లోయ. ఎడారి నేల కాబట్టి పగలు చూస్తే ఏమీ లేనట్టే ఉంటుంది. అక్కడి ఎలుకలు ఎక్కువగా రాత్రి తిరుగుతాయి. 1977లో జేమ్స్ బ్రౌన్ అనే శాస్త్రవేత్త, సహచరులతో కలిసి అక్కడ 24 ప్లాట్లకు కంచె వేయించారు. ఒక్కోటి 50 మీటర్ల పొడవు, అంతే వెడల్పు. మన గజాల్లో దాదాపు మూడు వేలు. ఒక్కో ప్లాటులో 49 బోనులు.

సాయంత్రం గింజలు ఎరగా వేస్తారు. తెల్లవారాక, ఎండ ముదరకముందే వెళ్లి, చిక్కిన ఎలుక ఏ జాతిదో, ఆడదో మగదో, బరువెంతో రాసుకుని, గుర్తు వేసి వదిలేస్తారు. ఈ పనికి అమావాస్య దగ్గరి రోజులే ఎంచుకుంటారు. వెన్నెల్లో గుడ్లగూబల భయానికి ఎలుకలు అంతగా బయటికి రావు మరి!

కొన్ని ప్లాట్ల కంచెకు చిన్న కన్నాలే పెట్టారు. పెద్దదైన కంగారూ ఎలుక అందులోంచి దూరలేదు. చిన్న ఎలుకలు దూరగలవు. పన్నెండేళ్లు గడిచేసరికి, కంగారూ ఎలుకలు లేని చోట పొడవాటి గడ్డి దాదాపు మూడు రెట్లయింది. గడ్డి నేలల్లో బతికే ఎలుకలు కూడా వచ్చి చేరాయి. గింజలు తినే ఒక చిన్న ప్రాణి ఆ పొదల నేలను పట్టి ఉంచిందన్నమాట. ఒక్క ఏడాదితో లెక్క ఆపేసి ఉంటే ఇది తెలిసేదే కాదు.

అయితే బోనులో పడనంత మాత్రాన ఎలుక లేదని కాదు. మరి మొత్తం ఎన్ని? జంతువుల సర్వేల్లో వాడే ఒక పద్ధతిని ఇంట్లోనే చూపించవచ్చు. డబ్బాలో కొన్ని కాబూలీ శనగలు, లెక్కపెట్టకుండా పోయండి. 40 తీసి స్కెచ్ పెన్‌తో చుక్క పెట్టి, మళ్లీ వేసి బాగా కలపమనండి. ఇప్పుడు చూడకుండా 50 తీయాలి. వాటిలో 10కి చుక్క ఉంటే, ఐదింట ఒకటి. డబ్బా మొత్తంలోనూ అంతే అనుకుంటే 40×5, అంటే 200. తర్వాత అన్నీ లెక్కపెట్టి సరిచూసుకోవచ్చు.

తేడా వస్తే కోప్పడకండి, ఇంకో నాలుగుసార్లు తీయించి సగటు కట్టించండి. ఏడో తరగతి దాటిన పిల్లలను ఇది కూడా అడగండి: గింజల రుచి మరిగిన ఎలుక మళ్లీ మళ్లీ అదే బోనులోకి వస్తుంటే, అంచనా పెరుగుతుందా, తగ్గుతుందా?

చుక్కలు పెట్టిన శనగలు మాత్రం వంటకు వాడకండి.