బగ్గీ దిగి నడువుము

విశాఖపట్టణము

చిరంజీవి చిన్నబ్బాయికి మేనమామ అనేక ఆశీర్వాదములు.

మీ అత్త మోకాలినొప్పి వానలు వెనుకబట్టిన నాటినుండి కొంత తగ్గినది.

నీ లేఖ అందినది. పిల్లల చదువును గూర్చియు, ఆఫీసు పనిని గూర్చియు రెండు పుటలు నింపి, కాగితము చివర కొంచెము చోటు మిగిలినది గదా యని వ్రాసినట్లు, ‘గోల్ఫు మానివేయవలెనని యున్నది మామయ్యా’ అని ఒక్క వాక్యము చేర్చితివి. ఆ ఒక్క వాక్యము కొరకే ఆ రెండు పుటలును వ్రాసితివని నాకు తెలియదనుకొంటివా? అంతకు ముందే మీ అమ్మ ఫోనులో, నీవు కర్రల సంచిని అటక మీదికి ఎక్కించితివనియు, ఆదివారము నాడు ఎనిమిది దాటిన దాకా పడక దిగుట లేదనియు చెప్పి, ‘పోనీలే అన్నయ్యా, ఆ ఖర్చైనను తగ్గును’ అని సంతోషించినది. చెల్లెలి సంతోషమునకు అడ్డుపడుట నాకు ఇష్టము లేక ఊరకుంటిని గాని, ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

నీ ఫిర్యాదు ఇది: శిక్షకునికి రుసుము చెల్లించినను, అంత ధర పోసి కొత్త డ్రైవరు కర్ర కొన్నను, నీ హ్యాండీక్యాప్ 18 దగ్గరనే నిలిచిపోయినది, అది చాలదన్నట్లు, ఆడిన ప్రతి ఆదివారమును ఆ 18కి తగిన ఆటయైనను ఆడలేక నాలుగైదు దెబ్బలు మించిపోవుచున్నవి. నాయనా, నీవు ఇంజనీరువు, లెక్కలు నాకంటె నీకు బాగుగా వచ్చును. ఐనను ఈ లెక్కను నీవు ఎన్నడును వేసి చూడలేదని తోచుచున్నది. 2020 నుండి వేర్వేరు దేశముల వాడుకలను కలిపి ఏర్పరచిన పద్ధతి ప్రకారము, నీవు చివర ఆడిన 20 ఆటలలో మేలైన 8 ఆటలను మాత్రమే తీసికొని వాని సగటునుబట్టి హ్యాండీక్యాప్ కట్టుదురు. తక్కిన 12 ఆటలు ఆ సగటులోనికే రావు. కాగా ఆ 18 అను సంఖ్య నీవు సాధారణముగా ఎట్లాడుదువో చెప్పునది గాక, దైవము అనుకూలించిన దినమున ఎట్లాడగలవో చెప్పునది. దానికంటె నాలుగు దెబ్బలు ఎక్కువ పట్టుట క్లబ్బులో ఆడువారి కందరికిని నిత్యకృత్యము. పండుగనాడు తీయించుకొన్న ఫొటోను అద్దము ప్రక్కన తగిలించుకొని, ప్రతి ఉదయమును తన ముఖము వాడిపోయినదని విచారించువాని విచారము వంటిది నీ విచారము. 1976లో ఇంగ్లండునందు బారో పట్టణపు క్రేను నడుపువాడొకడు, మోరిస్ ఫ్లిట్‌క్రాఫ్ట్ అనువాడు, తాను వృత్తిక్రీడాకారుడనని వ్రాసియిచ్చి బ్రిటిష్ ఓపెన్ అర్హతా పోటీలో దిగి 121 దెబ్బలు కొట్టినాడు; పెద్దలు మండిపడి తలుపులు మూసినను, మారుపేర్లు పెట్టుకొని మరల మరల వచ్చుచునే యుండెను. ఆ బొంకును నేను మెచ్చను. కాని 121 కొట్టిన పిమ్మటను కర్ర పట్టుటకు జంకని ఆ యుత్సాహములో వీసమెత్తయినను నీకు ఉండరాదా?

ఇంతవరకు వ్రాసినది ఉపోద్ఘాతము. నన్ను నిజముగా కలతపెట్టిన వాక్యము నీ లేఖలో వేరొకటి యున్నది. దానిని నీవు తప్పుగా భావింపక, సామాన్యవిషయముగా వ్రాసితివి. ‘ఇప్పుడు నలుగురము మైదానములో నడువక బగ్గీబండ్లలోనే తిరుగుచున్నాము, సమయము కలిసివచ్చును’ అని. అది చదివి నేను కళ్లజోడు తీసి బల్లమీద పెట్టితిని. రోగమేదో నాకు అక్కడనే తెలిసినది.

కొంచెము ఓపికపట్టి వినుము. కర్ర వెనుకకు లేచి, ముందుకు దిగి, బంతిని తాకుటకు రెండు సెకనులు పట్టదు. నీవు 95 దెబ్బలు కొట్టితివనుకొందము. ఎంత ఉదారముగా లెక్కించినను నీవు బంతిని కొట్టిన కాలమంతయు కలిపి మూడు నిమిషములకు ఇంచుక మించును. మైదానములో నీవు గడుపునదో, నాలుగు గంటలు. ఆ మిగిలిన కాలమంతయు ఏమి చేసితివన్న దానిమీదనే నీకు సుఖము కలుగుటయు, కలుగకుండుటయు ఆధారపడియుండగా, నీవు ఆ కాలమును మిగుల్చుకొన్నానని సంబరపడుచున్నావు! బగ్గీలో కూర్చున్నవాడు చేయునదేమి? చెడ్డ దెబ్బ కొట్టి ఎక్కి కూర్చుండును. ఆ కోపము చల్లారక మునుపే బండి బంతి దగ్గర దించును. ఆ కోపముతోనే మరియొక చెడ్డ దెబ్బ కొట్టును. నడుమ ఖాళీ దొరికినచో జేబులోని ఫోను తీసి ఆఫీసు వారికి సమాధానము వ్రాయును. నడచువానికి ఆ నూటయేబది గజముల దూరమే ఔషధము. మొదటి ముప్పది అడుగులలో తన్ను తాను తిట్టుకొనును, పిదప ముప్పది అడుగులలో గాలి ఎటు వీచుచున్నదో గమనించును, బంతిని చేరువేళకు ముందటి దెబ్బ ఎవడో ఇతరుడు కొట్టినట్లుండును.

నీకు కోపము వచ్చుచున్నదేమో. చిన్ననాడు వేసవి సెలవులకు వచ్చినప్పుడు, నిక్కరు జేబులు చిరుగునంతగా తప్పిపోయిన బంతులు ఏరి నింపుకొని, నా వెంట పద్దెనిమిది రంధ్రములును నడచి, ఇంటికి రాగానే అన్నము ముందు కూర్చుండి కునికిన పిల్లవాడవు నీవే గదా. వానితో మాటలాడుచున్నాననుకొని వ్రాయుచున్నాను.

నేను ఆట నేర్చినది నీవాడు మైదానము వంటి మైదానమున కాదు. రైల్వే కొలువులో మొదట వేసిన ఊరిలో, కాలనీ వెనుక బీడును చదునుచేసి తొమ్మిది రంధ్రములు త్రవ్వియుండిరి. గ్రీనునకు నీరు పోయు స్తోమత లేదు గనుక రంధ్రము చుట్టును ఇసుకలో నూనె కలిపి పరచెడివారు. దానిని బ్రౌను అందుము. మనము అడుగుపెట్టిన గుర్తులు పోవుటకు క్యాడీ కుర్రవాడు గోనెపట్టాను ఈడ్చుకొని పోవును. అప్పుడు బంతిని దొర్లించవలెను. బఱ్ఱెలు తిరిగిన చోట బంతి పడినచో ఏమి చేయవలెనో ఎడిన్‌బరో పెద్దమనుషులు 1744లో ఈ యాటకు వ్రాసిన పదుమూడు నిబంధనలలో లేదు గాని, మాకొక నిబంధన యుండెడిది, అది ఇక్కడ వ్రాయను. బంతి ఎచ్చట పడినదో చూచుటకు ముందుగా నడచు ముసలి ఆగేవాలా యొకడు మాకుండెను. మంచి దెబ్బ పడినప్పుడు చేయెత్తి చూపువాడు. చెడ్డ దెబ్బ పడినప్పుడు మాటలాడక, మనము ఇరువది అడుగులు నడచునంతవరకు వేచియుండి, అప్పుడు మెల్లగా ‘దొరకును బాబూ’ అనువాడు. మనుష్యుని మనస్సు ఎంతసేపటికి మెత్తబడునో ఎరిగిన ఆ ముసలివాని వంటి శిక్షకుని నీ హైదరాబాదులో ఎంత రుసుము పెట్టినను తేగలవా?

మా పై అధికారి నడచుచు మాటలాడు అలవాటు కలవాడు. ఇండియన్ ఓపెన్ 1964లో మొదలైనదనియు, మరుసటి యేడే కలకత్తాలో వృత్తిక్రీడాకారులందరిని వెనుకబెట్టి బిల్లూ సేఠీ అను అమెచ్యూరు దానిని గెలిచినాడనియు ఆయన నాకు చెప్పని వారము లేదు. ఆయనయే ఒకనాడు ఏడవ రంధ్రము ముగించి ఎనిమిదవ దానికి పోవు త్రోవలో, చింతచెట్టు క్రింద నిలిచి, తన స్నేహితుని మేనకోడలు కలదనియు, చదువుకొన్నదనియు, నీవు సరేనన్నచో ఉత్తరము వ్రాయుదుననియు అనెను. మీ అత్త నాకు భార్యయగుటకు ఆ నడకయే మూలము. ఆనాడు మేమిరువురమును బగ్గీలో కూర్చుండియుండినచో ఆ యింజను రొదలో ఆయన మాట నాకు వినబడియుండునా? ఈ వాదమును మీ అత్త ఒప్పుకొనదు. ఆమె అభిప్రాయము ప్రకారము బగ్గీలు ఇంకను ముందుగా రావలసియుండెనట.

నీవు చదువుకొన్నవాడవు గనుక న్యాయస్థానముల మాట ఎత్తుదువేమో యని ముందే చెప్పుచున్నాను. 2001లో అమెరికా సుప్రీము కోర్టు, కేసీ మార్టిన్ అను ఆటగానికి పోటీలలో బగ్గీ వాడుకొను హక్కు కలదని తీర్పు చెప్పినది. ఏడుగురు న్యాయమూర్తులు ఔననిరి, ఇద్దరు కాదనిరి. అతని కుడికాలిలో పుట్టుకతోనే రక్తప్రసరణదోషముండెను; అడుగు తీసి అడుగు వేయుటయే నరకము. అట్టివానికి బగ్గీ నిరాకరించుట అమానుషము, తీర్పు ధర్మమే. నడక ఈ యాటకు ప్రాణభూతము కాదని ఆ తీర్పులో చేసిన నిర్ణయము మాత్రము నాకు ఇప్పటికిని గొంతు దిగదు. కాళ్లు బాగుగానున్న నలువదేండ్ల వాడు ఆ తీర్పును అడ్డుపెట్టుకొనుట మరింత దిగదు.

బాబీ జోన్స్ మాట నీకు పలుమారులు చెప్పియుందును, ఐనను చెప్పెదను. ఆయన జీవితాంతము అమెచ్యూరుగనే ఆడినవాడు, న్యాయవాది. 1921లో పందొమ్మిదేండ్ల వయస్సున సెయింట్ ఆండ్రూస్ మైదానమున బ్రిటిష్ ఓపెన్ మూడవ రౌండు ఆడుచు, పదునొకండవ రంధ్రము దగ్గర ఇసుకగుంటలో చిక్కి విసిగి, బంతిని చేతబట్టుకొని పోటీనుండి తప్పుకొనెను. అనగా నీవు ఇప్పుడు చేయబోవుచున్న పనినే చేసెను. ఆ మైదానమునకే తిరిగివచ్చి 1927లో ఓపెన్ గెలిచెను. 1930లో అమెరికాయందును బ్రిటనునందును కల నాలుగు మహాపోటీలను ఒక్క యేటనే గెలిచి, ఇరువది యెనిమిదేండ్లకే పోటీల నుండి విరమించెను. తరువాత వెన్నుపాము వ్యాధి ఆయనను క్రమముగా కబళించినది; 1948 తరువాత కర్ర పట్టలేకపోయెను. 1958లో సెయింట్ ఆండ్రూస్ పురజనులు ఆయనను పిలిచి, బెంజమిన్ ఫ్రాంక్లిన్ తరువాత మరియే అమెరికనునకును ఇయ్యని పౌరగౌరవమును ఇచ్చిరి. సభ ముగిసిన పిమ్మట ఆయన విద్యుత్తుతో నడుచు బగ్గీలో కూర్చుండి సభామధ్యమునుండి వెడలుచుండగా, ఆ పురజనులు లేచి నిలిచి తమ దేశపు వీడ్కోలు పాట పాడిరి. బగ్గీ ఎక్కుటకు అర్హత ఎట్టిదో చూచితివా? నా మేనల్లునికి ఆ యర్హత నూరేండ్లు నిండువరకును రాకుండవలెనని కోరుకొనుచున్నాను.

ఇక చేయవలసినది. నిబంధన 14 కర్రలవరకు అనుమతించుచున్నది గాని 14 మోయుమని ఆజ్ఞాపించుటలేదు. ఏడు చాలును. సంచి తేలికయగును, ప్రతి దెబ్బకును ఏ కర్రయని తర్కించుకొను బాధయు తగ్గును. పద్దెనిమిది రంధ్రములు నడచినచో ఎనిమిది, పది కిలోమీటర్లు తేలును. మొదట తొమ్మిదితో ఆపుము, తొమ్మిది రంధ్రముల స్కోరును సైతము హ్యాండీక్యాప్ లెక్కలోనికి తీసికొందురు. తెల్లవారగనే మొదలుపెట్టుము. రోహిణీకార్తెలో ఎండ భరింపలేవేని ఆట మానుము గాని బగ్గీ ఎక్కకుము. స్నేహితులతో ఆడునప్పుడు మొత్తము దెబ్బలు లెక్కించుట కొన్నాళ్లు ఆపి, రంధ్రము రంధ్రమునకు వేరుగా పాయింట్లు కట్టు స్టేబుల్‌ఫోర్డు పద్ధతిన ఆడుము. వాలసీ క్లబ్బు సభ్యుడైన వైద్యుడు స్టేబుల్‌ఫోర్డు దొరగారు 1932లో దానిని నడిపించినది, ఒక రంధ్రము చెడినంత మాత్రమున ఆటంతయు చెడినదని డీలాపడు నీవంటి వారికొరకే. ఒక రంధ్రములో గుండుసున్న వచ్చినచో బంతి జేబులో వేసికొని ముందుకు నడువవచ్చును. నడువవచ్చును, గమనించితివా?

మరియొక మాట. నీవలె హైదరాబాదు నయాఖిల్లా కోటగోడల నడుమ ఆడు అదృష్టము దేశములో ఎందరికున్నది? ఆ ప్రాంగణములో హాతియాన్ కా ఝాడ్ అను బ్రహ్మాండమైన బావొబాబ్ వృక్షము కలదు; ఆఫ్రికా జాతిది, వందలయేండ్ల నాటిది. దాని మొదలుచుట్టు ఎన్నడైనను నడచితివా? పిల్లలకు చూపితివా? పెద్దదానిని ఒకనాడు వెంట తీసికొనిపోయి, నీ ప్రక్కన నడువనిమ్ము. అది ప్రశ్నలడుగును, నీ గురి చెడును, చెడనిమ్ము.

నా మాటలు కటువుగా నున్నచో మన్నింపవలదు, చదివి దాచుకొనుము. నీకు ఆఫీసులో పని ఎక్కువైనదని నేనెరుగుదును. ఈ సంవత్సరము నీ ఫోనులలో నవ్వు తగ్గినది. అది గోల్ఫు వలన తగ్గినది కాదని కూడ నేనెరుగుదును. అందుకే ఈ యొక్కటి విడువవలదని వేడుకొనుచున్నాను.

వచ్చు శనివారము ఎదురింటివారి అబ్బాయి గోదావరి ఎక్స్‌ప్రెస్సులో బయలుదేరుచున్నాడు. నా పాత కాన్వాసు సంచిని వానిచేత పంపుచున్నాను. పట్టీ కొత్తది వేయించితిని. నీ భుజమునకు పొట్టియగును, రెండు బెజ్జములు వదులు చేసికొనుము. దానిలో ఏడు కర్రలకు మించి పట్టవు. మీ అత్త మాగాయ డబ్బాను ఆ సంచిలోనే పెట్టినది. వలదని చెప్పినను వినలేదు. అందిన వెంటనే విప్పి, నూనె కారినదేమో చూచుకొనుము.

ఇట్లు,
నీ మేనమామ