మన దారికి మనమే అడ్డు

ప్రభుత్వ రంగ బ్యాంకులో గుమాస్తాగా చేరి మేనేజరుగా రిటైరైనవాణ్ణి. నా కళ్లముందు వెనకబడిపోయినవాళ్లలో పని రానివాళ్లు తక్కువ. పనీ తెలివీ రెండూ ఉండి, తమను తామే వెనక్కి లాక్కున్నవాళ్లే ఎక్కువ. కోపిష్టి అధికారి, దూరపు బదిలీ లాంటివి మన చేతిలో ఉండవు. చేతిలో ఉన్నవాటి గురించే చెబుతాను.

1. ఓడిపోతే చెప్పుకోవడానికి సాకు ముందే సిద్ధం చేసుకోకండి.

బ్యాంకు ఉద్యోగులకు జేఏఐఐబీ, సీఏఐఐబీ అని పరీక్షలుంటాయి. మాతో పనిచేసిన ఒకాయన వడ్డీ లెక్కలు నోటితోనే కట్టేవాడు. ఏ సర్క్యులర్‌లో ఏముందో మేనేజర్లు కూడా ఆయన్నే అడిగేవారు. ప్రతిసారీ పరీక్ష ఫీజు కట్టేవాడు, పుస్తకాలు కొనేవాడు. తీరా పరీక్ష దగ్గరపడేసరికి ఎవరింటి పెళ్లి పనులో నెత్తిన వేసుకునేవాడు. ఫలితాలొచ్చాక, "చదవలేదు గురూ, చదివితే వచ్చేదే" అనేవాడు. ఆ మాటలో ఆయనకు పెద్ద నిశ్చింత ఉంది. చదివి తప్పితే తెలివి తక్కువని తేలుతుంది, చదవకుండా తప్పితే తెలివికి మచ్చ రాదు.

ఎడ్వర్డ్ జోన్స్, స్టీవెన్ బెర్గ్లాస్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు 1978లో దీనిమీద ఒక ప్రయోగం ప్రచురించారు. తాము ఎలా గెలిచారో తమకే అంతుపట్టని విద్యార్థులను మళ్లీ పరీక్షకు కూర్చోబెట్టారు. ముందుగా రెండు మందులు చూపించి, ఒకటి బుర్రను చురుకు చేస్తుందని, రెండోది మందగింపజేస్తుందని చెప్పారు. మగపిల్లల్లో చాలామంది మందగింపజేసేదే కోరుకున్నారు. ఆడలేక మద్దెల ఓడన్నవాడు కనీసం ఆడి చూశాడు. వీళ్లు ఆడకముందే మద్దెలకు చిల్లు పెట్టుకున్నారు.

ఒక్క పేపరైనా సరే, మనసుపెట్టి చదివి రాయండి. అప్పుడు తప్పినా, ఏది రాలేదో తెలుస్తుంది.

2. తేడా కనబడ్డ వెంటనే నోరు విప్పండి.

ఒక సాయంత్రం కొత్తగా చేరిన క్యాషియర్ అమ్మాయి డబ్బు లెక్కపెడుతూనే ఉంది. కట్టలు విప్పుతోంది, మళ్లీ కడుతోంది. అడిగితే, "ఏం లేదు సార్, అయిపోవచ్చింది" అంది. క్యాష్ గది తాళాలు రెండు, ఒకటి తన దగ్గర, ఒకటి ఆఫీసరు దగ్గర. ఆయన వాచీ చూసుకుంటున్నాడు. చివరికి కళ్లనీళ్లతో చెప్పింది, 1,800 తక్కువ వస్తోందని. ఇంట్లో డబ్బు తెచ్చి వేసేద్దామని అప్పటికే అనుకుంటోంది.

తేడాను తొమ్మిదితో భాగించి చూడమన్నాను. శేషం లేకుండా పోతే, అంకెలు తారుమారయ్యాయేమో ముందు చూడాలి. ఇది పాత గుమాస్తాలందరికీ తెలిసిన కిటుకు. పేమెంట్ పుస్తకం తీసి వోచర్లతో పోల్చాం. 4,200 చెక్కుకు డబ్బు సరిగానే ఇచ్చింది, పుస్తకంలో మాత్రం 2,400 రాసింది. పది నిమిషాల్లో తేలిపోయింది. దానికోసం ఆ పిల్ల గంటన్నర ఒంటరిగా నరకం చూసింది.

తప్పు చెబితే చేతకానిదాన్ని అనుకుంటారని ఆమె భయం. అధికారిగా చెబుతున్నాను, వచ్చి చెప్పినవాళ్లమీద మాకు నమ్మకం పెరుగుతుంది. దాచి, జేబులోంచి వేసి సర్దినవాళ్లమీదే అనుమానం వస్తుంది. జూనియర్ తప్పు చెప్పడానికొస్తే అరిచే అధికారులు కూడా ఇది చదవాలి. దాచడం నేర్పేది మీరే.

3. కష్టపడి సాధించినదాన్ని "ఏదో కలిసొచ్చింది" అనకండి.

ఇది ఆడపిల్లల నోట ఎక్కువ విన్నాను. పెద్ద చదువులు చదివి పైకొచ్చిన స్త్రీలలో ఇలాంటి అపనమ్మకాన్ని గమనించి, పాలీన్ క్లాన్స్, సుజాన్ ఐమ్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1978లోనే రాశారు. ఒక నోటుపుస్తకం పెట్టుకోండి. మీరు పరిశీలించి ఇప్పించిన రుణం సక్రమంగా తీరితే రాయండి, మీరు పట్టుకున్న పొరపాటు రాయండి. ప్రమోషన్ ఇంటర్వ్యూ ముందు రోజు అది చదువుకుని వెళ్లండి.

4. ఇబ్బందిగా ఉన్న ఫోన్ పొద్దున్నే చేయండి.

వాయిదా కట్టని రుణగ్రహీత తెలిసినవాడైతే చాలు, ఫోన్ చేయడానికి చెయ్యి రాదు. "రేపు చూద్దాంలే" అనుకుంటాం. 2004 మార్చి నుంచి మన బ్యాంకుల్లో 90 రోజుల నియమం ఉంది. వాయిదా అంతకుమించి బకాయి పడితే రుణం మొండి బాకీ కింద చేరుతుంది. మొదటి వారంలో చేస్తే అది కుశల ప్రశ్నతో మొదలయ్యే మాట. మూడో నెలలో అదే ఫోన్ గొడవ, ఆ మనిషికి కొత్త అప్పు పుట్టకుండా పోతుంది.

5. "ఈ వయసులో నాకెందుకు" అనకండి.

శాఖల పనంతా కంప్యూటర్లతో ఒకటిగా కలిపే కోర్ బ్యాంకింగ్ వచ్చినప్పుడు యాభై దాటినవాళ్లు పక్క సీటు కుర్రాణ్ణి అడిగి అడిగి నేర్చుకున్నారు. అడగడానికి నామోషీ పడ్డవాళ్లే ఇబ్బందిపడ్డారు.

6. మొహమాటానికి సంతకం పెట్టకండి.

మిగతావన్నీ ఒక ఎత్తు, ఇదొక్కటీ ఒక ఎత్తు. మన దగ్గర మొహమాటాన్ని మంచితనం కింద లెక్కేస్తారు. పక్క సీటు పని, సెలవు పెట్టినవాడి పని, అన్నిటికీ "సరే సార్" అంటూ పోయి, సొంత పని రాత్రి ఎనిమిదింటికి మొదలుపెట్టేవాళ్లను చూశాను. అంతకంటే ప్రమాదం ఇంకొకటి. "నీ పాస్‌వర్డ్ ఒకసారి చెప్పు, ఒక్క ఎంట్రీ పాస్ చేసి వచ్చేస్తా" అని సీనియర్ అడుగుతాడు. కాదంటే ఏమనుకుంటాడోనని చెప్పేస్తాం. బ్యాంకులో ఒకరు ఎంట్రీ వేస్తే ఇంకొకరు పాస్ చేయాలన్న కట్టుబాటు ఉన్నది ఒకే చేతిలో మోసం జరగకూడదని. పాస్‌వర్డ్ ఇస్తే రెండు చేతులూ అతనివే అవుతాయి, పేరు మాత్రం మీది పడుతుంది. ఏ పాపం తెలియనివాళ్లు ఇలా విజిలెన్స్ విచారణల్లో ఇరుక్కుని, చివరి రోజుల్లో పెన్షన్ కోసం తిరగడం చూశాను.

కాదనడానికి పెద్ద మాటలక్కర్లేదు. "నేనే వచ్చి చూసి పాస్ చేస్తానండీ" అంటే చాలు. మీ పాస్‌వర్డ్ ఇప్పటికే ఎవరికైనా చెప్పి ఉంటే, రేపు ఉదయం సీట్లో కూర్చోగానే మొదట అది మార్చండి.