దస్త్రములను జూచు హక్కు

ప్రభుత్వ కచేరిలో నుండు కాగితము ఎవరిది? వ్రాసిన గుమాస్తాది కాదు. సంతకము చేసిన అధికారిదియు గాదు. పన్ను చెల్లించిన ప్రజలది. ఈ మాట నేడు సులభముగా దోచును గాని, దీనిని చట్టముగా వ్రాయుటకు లోకమునకు చిరకాలము పట్టినది.

మొదట వ్రాసినవారు స్వీడను దేశస్థులు. 1766వ సంవత్సరము డిసెంబరు 2వ తేదీన వెలువడిన పత్రికా స్వాతంత్ర్య చట్టము ప్రభుత్వ దస్త్రములను ప్రజలకు దెరచినది. దానికై పాటుపడినవారిలో ముఖ్యుడు ఆండర్స్ చిడేనియస్, నేటి ఫిన్లాండు ప్రాంతమునకు జెందిన క్రైస్తవ బోధకుడు. స్వీడనులో కాగితము కోరువానిని నీ పేరేమి, నీకెందులకు అని సాధారణముగా అడుగరాదు. కచేరిలో గూర్చుండి ఉచితముగా జదువుకొనవచ్చును.

1948లో ఐక్యరాజ్యసమితి ప్రకటించిన మానవహక్కులలో 19వది సమాచారమును వెదకి పొందు హక్కును జెప్పినది. ఆ హక్కులో ప్రభుత్వ కచేరుల సమాచారమును జేరునని సమితివారి మానవహక్కుల సంఘము 2011లో స్పష్టపరచెను.

మన దేశమునందు 1923 నాటి అధికార రహస్యముల చట్టము కాగితమును దాచుటయే క్షేమమని ఉద్యోగులకు నేర్పినది. దానిని కదలించినవారు పండితులు మాత్రమే కారు. రాజస్థానములో మన్ను మోసిన కూలివారు. తాము పని చేసిన దినములకు పూర్తి కూలి ముట్టలేదని వారు మొఱపెట్టగా, పుస్తకములో వేఱుగా నున్నదని జవాబు వచ్చెడిది. పుస్తకము చూపుడనిన, అది రహస్యమనెడివారు! 1990లో నేర్పడిన మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ అను సంఘము, 1994 డిసెంబరులో పాలీ జిల్లా కోట్ కిరానా గ్రామమున సభ జేర్చి, లెక్కలను బహిరంగముగా జదివించెను. ఇట్టి సభలలో మస్టరులోని పేరు పిలువగానే ఆ మనుష్యుడే లేచి, తానా పనికి బోనే లేదని చెప్పుట కలదు. 1996లో బ్యావరు పట్టణమున 40 దినములు ధర్నా జరిగెను. 2005లో సమాచార హక్కు చట్టము వచ్చెను. 10 రూపాయల రుసుముతో అర్జీ నిచ్చినచో 30 దినములలో జవాబీయవలెను. ప్రాణమునకో స్వేచ్ఛకో సంబంధించినదైనచో 48 గంటలలో. కారణము చెప్పనక్కఱలేదు. అకారణముగా జాగు చేసిన అధికారికి దినమునకు 250 రూపాయల జుల్మానా, 25,000 వఱకు.

ఇట్టి చట్టములను 150 మార్కులకు దూచు అంతర్జాతీయ పట్టిక యొకటి కలదు. అందు మన చట్టము తొలి సంవత్సరములలో రెండవదిగా నిలిచెను. ఇన్ని యేండ్ల స్వీడను చాల దిగువనుండెను. 2018లో ప్రథమ స్థానము ఆఫ్ఘనిస్థానమునకు దక్కినది! మాకిది మొదట వింతగా దోచినది. ఆ పట్టిక చట్టములోని వాక్యములను దూచునే గాని, కచేరి తలుపును దట్టి చూడదు. ప్రశ్నపత్రము బాగుగ నున్నదని బాలునికి మార్కులు వేయుదుమా?

మా దృష్టిలో తగిన కొలత మస్టరు పట్టీయే. 2006 మొదలు ఉమ్మడి ఆంధ్రప్రదేశమున ఉపాధి హామీ పనుల లెక్కలను గ్రామసభలలో జదివి వినిపించు సామాజిక తనిఖీలు జరిగెను. చదువురాని కూలి సైతము తన పేరు తాను వినగలిగెను.

ఇప్పుడొక చిక్కు వచ్చినది. 2023లో పార్లమెంటు చేసిన వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము సమాచార హక్కు చట్టపు 8వ సెక్షనును మార్చినది. పూర్వము ప్రజాకార్యములతో సంబంధము లేని సొంత విషయములనే దాచవచ్చును. సవరణలో ఆ షరతు తీసివేయబడెను. మనుష్యుల గుట్టు కాపాడుట మంచిదే. కాని మస్టరు పట్టీ యనగా పేర్లే గదా! పేర్లు తీసిన పట్టీని గ్రామసభలో నేమని చదువుదురు? ప్రజాప్రయోజనము హెచ్చైనచో నీయవచ్చునను వాక్యము ఆ సెక్షనులో నిలిచియే యున్నది. అయితే హెచ్చో తక్కువో మొదట తూచి చెప్పువాడు ఆ కచేరి అధికారియే.