గోడ దాటిన అక్షరము

కొల్లేరు సరస్సునకు ఉత్తరముగా, ఏలూరు నుండి తాడేపల్లిగూడెమునకు పోవు మార్గమున గుండుగొలను అను గ్రామము కలదు. అది 2022లో ఏర్పడిన ఏలూరు జిల్లాలో, భీమడోలు మండలమునకు చెందినది. ఈ గ్రామము కడ పెద్ద రహదారి రెండుగా చీలును. ఒక దారి తాడేపల్లిగూడెము, తణుకు, రావులపాలెముల మీదుగను, రెండవది దేవరపల్లి, కొవ్వూరుల మీదుగను సాగును. ఏ దారిని పోయినను తుదకు రాజమహేంద్రవరము చేరవచ్చును. ఆ నగరమున, పూర్వము డచ్చివారి కోట యున్న చోట, కేంద్ర కారాగారము కలదు. ఆ వైపు పోవు బస్సులలో వర్తకులు, విద్యార్థులు, రోగులతోపాటు, జైలులోనున్న తమవారిని ములాఖతులో చూచుటకై పోవువారును కొందఱుందురు. తామెచ్చటికి పోవుచున్నారో వారు ప్రక్కవారితో చెప్పరు.

అట్టి కుటుంబము నొకదానిని ఊహింపవచ్చును. తండ్రి చేపల చెరువులపై కూలి. ఒకనాటి రాత్రి చెరువుగట్టు మీద తగవు పెరిగి, అతడు కోపముతో కఱ్ఱ యెత్తెను. ఎదుటివానికి ప్రాణము మీదికి వచ్చెను. న్యాయస్థానము శిక్ష విధించెను. అది న్యాయమే. కాని ఆ శిక్షలో ఒక పాలు, ఏ నేరమును చేయని పదుమూడేండ్ల కూతురు కూడ అనుభవింపవలసి వచ్చెను. "మీ నాన్న యెక్కడ?" అని తోడి బాలికలు అడిగినపుడు "దూరదేశము పనికి పోయినాడు" అని చెప్పుట ఆమెకు అలవాటయ్యెను. తల్లి ఆనాటి కూలి మానుకొని, బస్సు ఛార్జీలు కూర్చుకొని, రెండు మూడు నెలల కొకమారు మాత్రమే భర్తను చూడగలుగుచుండెను. ఆ కొద్ది నిమిషములలో, పదిమంది గొంతుల నడుమ, చెప్పదలచిన మాటలు సగము చెప్పకయే మిగిలిపోవును.

తక్కిన దినములకు ఉత్తరమే దిక్కు. బాలిక చక్కగా వ్రాయగలదు. తండ్రి చదువలేడు, అతడెఱిగినది వ్రేలిముద్ర మాత్రమే. వచ్చిన ఉత్తరమును తోటి బందీచేత చదివించుకొనవలెను. పరాయివాడు చదువునని తెలిసిన బిడ్డ తన మనస్సులోని మాట వ్రాయదు. "మేము క్షేమము. మీరు క్షేమమని తలచుచున్నాము" అను వాక్యములతోనే ఉత్తరము ముగియును. ఇట్లు తండ్రీబిడ్డల నడుమ రెండు గోడలు నిలుచును. రాతిగోడను చట్టము నిలిపినది. రెండవ గోడ చదువులేమి. దానిని ఏ న్యాయమూర్తియు శిక్షగా విధింపలేదు.

చదువున్నచో ఉత్తరమెంతటి పని చేయగలదో జవహర్లాల్ నెహ్రూ చరిత్ర తెలుపును. స్వాతంత్ర్యోద్యమమున ఆయన బందీయై నైనీ కారాగారమున నుండగా, కుమార్తె ఇందిర పదుమూడవ పుట్టినరోజు వచ్చెను. జైలునుండి పంపుటకు బొమ్మలు లేవు, బట్టలు లేవు. కావున 1930 అక్టోబరు 26వ తేదీన ఆయన ఒక లేఖ వ్రాసి, దానినే బహుమానము చేసెను. అట్లు మొదలైన లేఖలు 1933 ఆగస్టు వరకు సాగెను. వానిలో ప్రపంచ చరిత్ర యంతయు ఇమిడినది. అవి 1934లో గ్రంథముగ వెలువడెను. తండ్రి బందీయైనను, బిడ్డకు చదువు చెప్పు బాధ్యతను విడువలేదు.

నెహ్రూ విద్వాంసుడు. చెరువుపై కూలివానికి అట్టి విద్య యెచ్చటిది? అందువలన కారాగారమునందే అక్షరాభ్యాసము జరుగవలెను. తెలంగాణ కారాగారములలో 2014 తరువాత 'విద్యాదానము' అను పేర ఇట్టి ప్రయత్నము సాగెను. వ్రేలిముద్ర వేసి లోనికి వచ్చినవాడు సంతకము చేసి వెలుపలికి పోవలెనని దాని యాశయము. చదువు వచ్చిన బందీలే రానివారికి నేర్పిరి. ముదిరిన వయస్సున ఓనమాలు దిద్దుట విసుగు పుట్టించును. కాని తన బిడ్డ పేరులోని అక్షరములతోనే చదువు మొదలైనచో, ఆ విసుగు నిలువదు.

తల్లులు బందీలైనపుడు సమస్య మఱింత కఠినము. పసిబిడ్డలు తల్లులతోపాటు కారాగారమున పెరుగవలసి వచ్చును. ఈ విషయమై ఆర్. డి. ఉపాధ్యాయ్ అనువారు ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమును ప్రతివాదిగా చేర్చి నడపిన వ్యాజ్యమున, సుప్రీంకోర్టు 2006 ఏప్రిల్ 13వ తేదీన తీర్పు చెప్పెను. తల్లితోనున్న బిడ్డను బందీగా చూడరాదనియు, ఆహారము, వైద్యము, విద్య, ఆటపాటలు ఆ బిడ్డకు హక్కులనియు అందు నిర్ణయించిరి. బిడ్డలను ఆరేండ్ల వయస్సు వరకు తల్లికడ నుంచవచ్చును. మూడేండ్లలోపు వారికి శిశుసంరక్షణశాలయు, మూడు మొదలు ఆరేండ్ల వారికి శిశుపాఠశాలయు ఏర్పఱుపవలెను. ఆరేండ్లు నిండి బయటికి వచ్చిన బిడ్డ వారమున కొకసారియైనను తల్లిని చూచుటకు వీలుండవలెను. జైలులో పుట్టిన బిడ్డకు ఆ మచ్చ అంటకుండ, జనన పత్రమున కారాగారము పేరు వ్రాయరాదని కూడ ఆ తీర్పు చెప్పినది.

ఇతర దేశములందును ఇట్టి ఆలోచనలు కలవు. ఇంగ్లండులోని డార్ట్‌మూర్ కారాగారమున 2002లో ఒక కొత్త పని మొదలయ్యెను. బందీయైన తండ్రి పిల్లల కథ నొకదానిని చదువగా, ఆ కంఠమును ధ్వనిముద్రణ చేసి యింటికి పంపెదరు. రాత్రివేళ ఆ బిడ్డ తండ్రి గొంతు వినుచు నిద్రపోవును. కథను తప్పులేక చదువవలెనను కోరికతో తండ్రియు చదువు మెఱుగుపఱచుకొనును.

తప్పు చేసినవారిపై ఇంత దయ తగునా యని కొందఱడుగుదురు. దెబ్బ తిన్నవాని కుటుంబమును మఱువరాదు. శిక్షను తగ్గించుట దీని యుద్దేశము కాదు. కాని శిక్ష ముగిసినపుడు తండ్రి తిరిగి వచ్చునది ఆ యింటికే. నడుమ మాటలు తెగిపోయినచో, వచ్చినవాడు తన బిడ్డకే క్రొత్తవాడగును.

గుండుగొలనులోని ఆ యింటికి ఒకనాడు ఉత్తరము వచ్చెనని ఊహింపవచ్చును. వంకర అక్షరములు, ఒక దీర్ఘము తప్పినది. "అమ్మా, ఇది నేనే రాసాను" అని మాత్రమే కలదు. బాలిక దానిని పలుమారులు చదివి, పాఠ్యపుస్తకమున దాచుకొనెను. మఱునాడు బడిలో ఎవరో యథాప్రకారము తండ్రినిగూర్చి యడిగిరి. ఆమె ఈమారు తల వంచుకొనలేదు.

"జైలులో ఉన్నాడు. చదువుకొనుచున్నాడు" అని చెప్పెను.